జోర్డాన్ వెళ్తున్నారా? ఈ పాస్ ముందే కొనండి

బ్యాగు భుజాన వేసుకుని జోర్డాన్ తిరిగొద్దామనుకునేవాళ్లకి ఒక మాట. విమానం ఎక్కకముందే ఆన్‌లైన్‌లో జోర్డాన్ పాస్ కొనేయండి, వీసా రుసుమూ, కొండరాతిలో చెక్కిన పాత నగరం పెట్రా టికెట్టూ అందులోనే వస్తాయి. పెట్రాలో ఒక రోజుకైతే 70 దీనార్లు, రెండ్రోజులకి 75. విడివిడిగా కొంటే వీసాకే 40, పెట్రా టికెట్టుకి ఇంకో 50. కాకపోతే వరసగా మూడు రాత్రులైనా ఆ దేశంలో ఉంటేనే వీసా రుసుము మాఫీ అవుతుంది.

75దే తీసుకోండి, ఐదు దీనార్ల దగ్గర పీనాసితనం వద్దు. పెట్రా ఒక్కరోజులో తేలే ఊరు కాదు. సిక్ అనే ఇరుకు కొండసందులోనే కిలోమీటరుకి పైగా నడక. దాని చివర రాతిలో చెక్కిన ఖజానా అనే కట్టడం దగ్గర ఫొటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు చాలామంది, అసలు ఊరు ఆ తర్వాతే మొదలవుతుంది. పైనున్న మఠానికి ఎనిమిది వందలకి పైగా మెట్లు. పొద్దున్నే ఎక్కకండి. దాని ముఖం పడమరకి, మధ్యాహ్నం దాటాకే ఎండ నేరుగా పడి రాయి తేనెరంగులోకి తిరుగుతుంది. మెట్లు అరిగిపోయి, పైన ఇసుక పరుచుకుని జర్రున జారతాయి, చెప్పులతో వెళ్లకండి. గేటు దగ్గర గుర్రం టికెట్లోనే ఉందంటారు. నిజమే, దిగేటప్పుడు టిప్పు మాత్రం అడుగుతారు. నేనైతే నడిచేశాను.

అభయారణ్యాలకి ఈ పాస్ పనికొస్తుందనుకోకండి. అజ్రాక్ దగ్గర షౌమరీలో అరేబియా ఓరిక్స్‌లని, అంటే పొడవాటి కొమ్ముల జింకల్లాంటి జంతువుల్ని, చూడాలంటే టికెట్టు వేరే, టాక్సీ ఖర్చూ వేరే.