గోవా ఫ్లైట్ దిగాక బీచ్‌కి, మళ్ళీ తిరుగు ఫ్లైట్‌కి: సమస్య - పరిష్కారం

హైదరాబాద్ నుంచి గోవా గంటంపావు ఫ్లైట్, అక్కడిదాకా ఎవరికీ ఇబ్బంది ఉండదు. దిగాక బీచ్‌కి చేరడం, అయిపోయాక తిరుగు ఫ్లైట్ అందుకోవడం, ఈ రెండు దగ్గరే నాకు ఫోన్లు వస్తాయి. మా చుట్టాల్లో, ఆఫీసులో ఎవరు గోవా అన్నా నన్నే అడుగుతారు కాబట్టి మళ్ళీ మళ్ళీ చూసినవే రాస్తున్నా. టికెట్ బుకింగ్, వెబ్ చెకిన్, బ్యాగ్ బరువు ఇవన్నీ మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

సమస్య 1: దిగి మ్యాప్‌లో హోటల్ కొడితే రెండు గంటల పైనే చూపిస్తోంది, ట్యాక్సీ రేటు వింటే కళ్ళు తిరుగుతున్నాయి

కారణం: గోవాలో ఎయిర్‌పోర్టులు రెండు. పాతది డబోలిం, వాస్కో పక్కన, నేవీ వాళ్ళ ఐఎన్‌ఎస్ హంస బేస్‌లోనే ఉంటుంది, కోడ్ జీ ఓ ఐ. కొత్తది మోపా, పైన మహారాష్ట్ర బోర్డర్ దగ్గర పెడ్నె తాలూకాలో, 2023 జనవరి నుంచి ఫ్లైట్లు నడుస్తున్నాయి, కోడ్ జీ ఓ ఎక్స్. దీని అసలు పేరు మనోహర్ ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్, మాజీ ముఖ్యమంత్రి మనోహర్ పరికర్ పేరు పెట్టారు. యాప్‌లో "గోవా" అని కొడితే రెండింటి ఫ్లైట్లూ కలిపే వస్తాయి, మనం రేటు చూసి నొక్కేస్తాం.

పరిష్కారం: ముందు ఏ బీచ్ అన్నది తేల్చుకోండి, తర్వాతే ఫ్లైట్. ఆరంబోల్, మోర్జిం అయితే మోపా. కోల్వా, బెనాలిం, అగోండా, పాలోలెం అయితే డబోలిం. పణజీ, కలంగూట్, బాగా బీచ్ వైపు అయితే ఏదైనా పర్లేదు, పెద్ద తేడా రాదు, అప్పుడు తక్కువ రేటుది తీసుకోండి. కానీ మోపాలో దిగి పాలోలెం వెళ్ళాలంటే దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు, అంటే గోవా పై నుంచి కింద దాకా మొత్తం దాటాలి, టికెట్‌లో మిగిలిన నాలుగైదు వందలు రోడ్డు మీదే పోతాయి, సగం రోజు కూడా పోతుంది.

సమస్య 2: తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్ట్ గేట్ దగ్గర లోపలికి పంపట్లేదు

ఇది మాత్రం దయచేసి మొత్తం చదవండి. ఎందుకంటే పైది డబ్బుతో పోతుంది, ఇది ఫ్లైట్‌తో పోతుంది.

కారణం: వెళ్ళేది ఒక ఎయిర్‌పోర్ట్‌కి, వచ్చేది ఇంకో ఎయిర్‌పోర్ట్ నుంచి. రౌండ్ ట్రిప్ బుక్ చేసేటప్పుడు తక్కువ రేటు జోడీ చూపించమంటే యాప్ రెండూ కలిపేస్తుంది, పోయేటప్పుడు మోపా, వచ్చేటప్పుడు డబోలిం. అందులో యాప్ తప్పేం లేదు, రెండూ గోవానే కదా. మనమే దిగిన చోటే ఎక్కుతాం అని ఫిక్సయిపోతాం, ఎందుకంటే వేరే ఊళ్ళలో ఎప్పుడూ అలాగే చేశాం, శంషాబాద్‌లో ఎక్కితే శంషాబాద్‌లోనే దిగుతాం. ఇంకోటి, మ్యాప్‌లో ఉట్టి "గోవా ఎయిర్‌పోర్ట్" అని కొట్టి వచ్చిన మొదటిదానికి బయల్దేరతారు, హోటల్ వాళ్ళు మాట్లాడిన ట్యాక్సీ అతను కూడా "ఎయిర్‌పోర్ట్" అంటే తనకి అలవాటైన దానికే తీసుకెళ్తాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు.

మా పిన్ని కొడుకు వాళ్ళకి ఇదే అయింది. డబోలిం గేట్ దగ్గర జవాను ఫోన్ చూసి, ఏం మాట్లాడకుండా స్క్రీన్ మీద జీ ఓ ఎక్స్ అన్న చోట వేలు పెట్టి ఫోన్ వెనక్కిచ్చాడంట. పక్కన ఇద్దరు చిన్నపిల్లలు, ట్రాలీ నిండా బ్యాగులు. ఫ్లైట్‌కి ఇంకా గంటన్నరకి పైనే టైముంది, మామూలుగా అయితే హాయిగా సరిపోతుంది, కానీ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దగ్గర దగ్గర 60 కిలోమీటర్లు, మధ్యలో పణజీ ట్రాఫిక్, డొమెస్టిక్‌కి చాలా ఎయిర్‌లైన్స్ గంట ముందే చెకిన్ మూసేస్తాయి. లెక్క వేసుకోండి, అందే ఛాన్సే లేదు. నలుగురికీ అప్పటికప్పుడు కొత్త టికెట్లు కొన్నారు.

పరిష్కారం: బుక్ చేసే ముందు రెండు వైపులా ఎయిర్‌పోర్ట్ కోడ్‌లో మూడో అక్షరం చూడండి, ఐ నా ఎక్సా. బయల్దేరే ముందు రోజు రాత్రి బోర్డింగ్ పాస్ తెరిచి మళ్ళీ చూడండి, పాత స్క్రీన్‌షాట్ కాదు, అప్పుడు డౌన్‌లోడ్ చేసింది. ఎందుకంటే కొన్ని ఎయిర్‌లైన్స్ డబోలిం ఫ్లైట్లని మోపాకి మార్చుకున్నాయి, "షెడ్యూల్ ఛేంజ్" అని మెయిల్ వస్తే మనం టైమ్ ఒక్కటే చూసి వదిలేస్తాం. ట్యాక్సీకి చెప్పేటప్పుడు ఎయిర్‌పోర్ట్ అనే మాటే వాడొద్దు, "మోపా" లేదా "డబోలిం" అనండి. మ్యాప్‌లో కూడా ఆ పేరే కొట్టండి. అర నిమిషం పని, చేయమని ఎంతమందికి చెప్పినా గేట్ దాకా వెళ్ళాకే చూస్తున్నారు.

పొరపాటున తప్పు గేట్ దగ్గరే ఉన్నారనుకోండి, రోడ్డెక్కే ముందు ఎయిర్‌లైన్ కౌంటర్‌కి గానీ కస్టమర్ కేర్‌కి గానీ మాట్లాడండి. ఈ ఎయిర్‌పోర్ట్ నుంచి తర్వాత ఫ్లైట్‌లో సీటుంటే ఎంత కట్టాలో కనుక్కోండి. చెకిన్ మూసేలోపు చేరలేమని తేలితే ఇక అటు పరిగెత్తడం దండగ.

సమస్య 3: ఓలా, ఊబర్ తెరిస్తే ఒక్క కారూ లేదు

నెట్ ప్రాబ్లం కాదు, ఫోన్ రీస్టార్ట్ చేయకండి. గోవాలో అవి లేవు. అక్కడ గోవామైల్స్ యాప్ ఉంది, ఫ్లైట్ ఎక్కేముందే వేసుకోండి. లేదంటే ఎయిర్‌పోర్ట్‌లో ప్రీపెయిడ్ కౌంటర్. ఒక్కరే అయితే, ఒక్క బ్యాగే అయితే ఊళ్ళలో తిరగడానికి పైలట్ అని బైక్ ట్యాక్సీలు ఉంటాయి, పసుపు మడ్‌గార్డ్ చూసి గుర్తుపట్టొచ్చు. ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి.

సమస్య 4: బస్సులో వెళ్దామంటే మా బీచ్‌కి డైరెక్ట్ బస్సే లేదు

చాలా బీచ్‌లకి ఉండదు, వెతకడమే తప్పు. గోవాలో బస్సులు నాలుగు ఊళ్ళ చుట్టూ తిరుగుతాయి: పణజీ, మాపుసా, మడ్గావ్, వాస్కో. ముందు వాటిలో మీకు దగ్గరిదానికి చేరండి, అక్కడ బస్సు మారండి. అంజునా, వాగతోర్, ఆరంబోల్‌కి మాపుసా. కలంగూట్‌కి పణజీ లేదా మాపుసా. కోల్వా, పాలోలెంకి మడ్గావ్. మ్యాప్‌లో మార్గావ్ అని ఉన్నా రైల్వే బోర్డు మీద మడ్గావ్ అని ఉన్నా ఊరు ఒక్కటే. పాలోలెం వైపు కాణకోణ బస్సెక్కి చావడి అనే చోట దిగితే అక్కడి నుంచి ఆటోలో బీచ్ దగ్గరే.

రెండు ఎయిర్‌పోర్టుల నుంచీ కదంబ బస్సులుంటాయి, కదంబ అంటే అక్కడి ఆర్టీసీ. బయటికి రాగానే ట్యాక్సీ వాళ్ళు చుట్టుముడతారు, బస్సు లేదనీ చెప్తారు, మీరు కదంబ కౌంటర్ దాకా వెళ్ళి అక్కడే అడగండి. పణజీ స్టాండ్‌లో మాపుసా, మడ్గావ్ షటిల్స్‌కి ఎక్కాక కాదు, ముందే కౌంటర్‌లో టికెట్ తీసుకోవాలి, లైన్ పొడుగ్గా ఉన్నా తొందరగానే కదులుతుంది. లోకల్ ప్రైవేట్ బస్సుల్లో కండక్టరే వచ్చి డబ్బులు తీసుకుంటాడు, చిల్లర పెట్టుకోండి. చీకటి పడ్డాక బీచ్ ఊళ్ళకి బస్సులు బాగా తగ్గిపోతాయి, రాత్రి ఫ్లైట్‌లో దిగేవాళ్ళు బస్సుని లెక్కలోకి తీసుకోకుండా ట్యాక్సీ డబ్బులు పక్కన పెట్టుకోండి.

మిగతావి: వానాకాలంలో అప్పుడప్పుడు ఫ్లైట్ వేరే ఊరికి మళ్ళిస్తారు, మన చేతిలో లేదు, ఎయిర్‌లైన్ వాళ్ళే చూసుకుంటారు. ట్యాక్సీ వాళ్ళ సమ్మెలు ఎప్పుడో గానీ రావు, వచ్చినా కదంబ బస్సుంటుంది.