గ్రేడు పడకముందే పెట్టాల్సిన దరఖాస్తులు: కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో సముద్ర శాస్త్రం చదివేవారికి

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ నుంచి యూనివర్సిటీకి మారాలంటే మామూలుగా ల్యాబు ఉన్న సైన్సు కోర్సు ఒకటైనా చదివి ఉండాలి. రసాయన శాస్త్రమంటే జంకేవాళ్లు సముద్ర శాస్త్రం వైపు మొగ్గుతారు. మా అబ్బాయీ అలాగే చేరాడు. వారానికి మూడు గంటల పాఠం, మూడు గంటల ల్యాబు, మొత్తం నాలుగు యూనిట్లు (క్రెడిట్లు). సెమిస్టరు ముగిశాక గ్రేడు చూసి అందరం కంగారుపడ్డాం. ఏ దరఖాస్తు ఎవరికి పెట్టాలో తెలుసుకోవడానికే రెండు వారాలు పోయాయి. ఈ కాలేజీల్లో మన పిల్లలు చాలామంది ఉన్నారు కాబట్టి, అప్పుడు తెలుసుకున్నదంతా ఒకచోట పెడుతున్నాను.

ముఖ్యమైన సంగతి ముందే చెబుతాను. గ్రేడు పడకముందు దారులు నాలుగైదు ఉంటాయి. పడ్డాక దాదాపు ఒక్కటే మిగులుతుంది, అదీ చాలా ఇరుకు.

మొదటి వారం: సిలబస్ దాచుకోండి

మొదటి రోజు ఇచ్చే సిలబస్‌ను ఫోనులో చూసి వదిలేయకుండా ఒక ప్రతి దాచుకోవాలి. పరీక్షలకు ఎంత శాతం, ల్యాబు నివేదికలకు ఎంత, ఆలస్యంగా ఇస్తే ఎంత కోత, తప్పిపోయిన ల్యాబు మళ్లీ చేయనిస్తారా లేదా అన్నవన్నీ అందులోనే ఉంటాయి. తర్వాత ఏ వాదన వచ్చినా అందరూ తెరిచి చూసేది ఆ కాగితాన్నే.

కాన్వాస్‌లో (కాలేజీ మార్కులు చూపే వెబ్‌సైటు) కనిపించే శాతాన్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. ఇవ్వని నివేదిక పక్కన గీత మాత్రమే ఉంటే అది లెక్కలోకి రాదు. పన్నెండు ల్యాబుల్లో పదింటికి తలా 90 వచ్చి, రెండు ఇవ్వలేదనుకోండి. తెర మీద 90 శాతమే కనిపిస్తుంది. ప్రొఫెసర్ ఆ రెండింటికి సున్నా వేసిన రోజున అది 75కు పడిపోతుంది. చాలామంది గుండె జారేది ఆ రోజునే. ప్రతి నెలా గీతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవడం ఒక్కటే దీనికి మందు.

కోర్సు వదులుకోవాలంటే

దీనికి రెండు గడువులు ఉంటాయి. తొలి గడువులోగా వదిలేస్తే మార్కుల పత్రంలో ఆనవాలే ఉండదు. రాష్ట్ర నిబంధనల ప్రకారం ఈ గడువు నాలుగో వారం చివర లేదా 30 శాతం కాలం, వీటిలో ఏది ముందైతే అది దాటకూడదు. కాలేజీ ఇంకా ముందుకు జరుపుకోవచ్చు. ఆ తర్వాత వదిలేస్తే ‘డబ్ల్యూ’ (విత్‌డ్రా, అంటే మధ్యలో తప్పుకున్నట్టు గుర్తు) పడుతుంది. దానికి చివరి గడువు పద్నాలుగో వారం లేదా 75 శాతం కాలం, ఇక్కడా ఏది ముందైతే అది. కచ్చితమైన తేదీలు మీ కాలేజీ క్యాలెండర్‌లో చూసుకోవాలి. దరఖాస్తు చాలాచోట్ల విద్యార్థి పోర్టల్‌లో ఒక్క బటనుతో అయిపోతుంది. క్లాసుకు వెళ్లడం మానేస్తే వాళ్లే తీసేస్తారులే అనుకుంటే మాత్రం చివరికి ‘ఎఫ్’ మిగలవచ్చు.

‘డబ్ల్యూ’ గ్రేడుల సగటును తగ్గించదు. అయినా అది ఒక ప్రయత్నం కింద లెక్కే. ఒకే కోర్సును మామూలుగా మూడుసార్లకు మించి తీసుకోనివ్వరు.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చిన పిల్లలు ఆ బటను నొక్కే ముందు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లి తీరాలి. వారికి సెమిస్టరుకు కనీసం 12 యూనిట్లు ఉండాలి. సరిగ్గా 12 మీద ఉండి నాలుగు యూనిట్ల ఈ కోర్సు వదిలేస్తే ఎనిమిదే మిగులుతాయి, వీసా హోదాకే ముప్పు. ఆరోగ్యం బాగాలేకపోతే వైద్యుడి లేఖతో తక్కువ యూనిట్లకు అనుమతి దొరుకుతుంది, కానీ ఆ అనుమతి కోర్సు వదలక ముందే తీసుకోవాలి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో కొత్తగా వచ్చిన పిల్లలకు ఈ వరుస ఎవరూ చెప్పరు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అనారోగ్యం, ప్రమాదం, ఇంట్లో కష్టం

ఇలాంటప్పుడు ‘ఈడబ్ల్యూ’ అడగండి. చేతిలో లేని కారణం వల్ల తప్పుకున్నట్టు అది నమోదవుతుంది, ప్రయత్నాల లెక్కలోకి రాదు. అడ్మిషన్లు, రికార్డుల కార్యాలయంలో పిటిషన్‌తో పాటు ఆసుపత్రి పత్రమో, ప్రమాద నివేదికో, మరణ ధ్రువీకరణ పత్రమో జతచేయాలి. కారణం నాలుగు వాక్యాల్లో రాస్తే చాలు: ఏమైంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, దానివల్ల ఏమేం తప్పిపోయాయి, ఏం కోరుతున్నారు.

కోర్సు దాదాపు పూర్తయి, చివరి పరీక్షో రెండు ల్యాబులో మాత్రమే మిగిలితే ‘ఐ’, అంటే అసంపూర్ణం, మేలు. దాన్ని ఇచ్చేది ప్రొఫెసరే. మిగిలిన పని ఏమిటి, అది చేయకపోతే ఏ గ్రేడు పడుతుంది అన్నది రాతపూర్వకంగా ఉండాలి, ఒక ప్రతి మీకు ఇవ్వాలి. గడువు గరిష్ఠంగా ఏడాది.

వైకల్యం వల్ల పరీక్షకు అదనపు సమయం కావాల్సినవారు వైకల్యమున్న విద్యార్థులకు సాయపడే విభాగంలో మొదటి వారంలోనే పేరు నమోదు చేసుకోవాలి. జరిగిపోయిన పరీక్షకు అది వర్తించదు.

ప్రవర్తన నియమాలు

ల్యాబులో జట్టుగా కొలుస్తారు, నివేదిక మాత్రం ఎవరిది వారే రాయాలి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సముద్రపు నీటి చుక్క ఒకటి వేసి, వెలుతురు వైపు పట్టుకుని చూస్తే నీలం, తెలుపు కలిసే గీత దగ్గర లవణీయత కనిపిస్తుంది. ఆ అంకె నలుగురికీ ఒకటే కావచ్చు. దాని కింద రాసే వివరణ కూడా నలుగురిదీ ఒకటే అయితే అది కాపీ. మన పిల్లలు స్నేహం కొద్దీ నివేదిక పంపేస్తుంటారు. ఇచ్చినవారూ తీసుకున్నవారితో సమానంగా చిక్కుల్లో పడతారు.

తీరం మీదికి తీసుకెళ్లే రోజుకు ముందుగా బాధ్యత పత్రం మీద సంతకం అడుగుతారు. నీరు బాగా వెనక్కి తగ్గే మైనస్ టైడ్ వేళలు ఇక్కడ వసంతంలో తెల్లవారుజామున వస్తాయి. ఆలస్యంగా వెళ్తే రాళ్ల మధ్య చూడాల్సిన నీటి గుంటలు మునిగిపోతాయి, ఆ ల్యాబు మళ్లీ పెట్టడం కుదరదు. రాష్ట్రంలో 124 రక్షిత సముద్ర ప్రాంతాలున్నాయి. అలాంటి చోట గవ్వైనా జేబులో వేసుకోకండి.

క్లాసుకు అంతరాయం కలిగిస్తే విద్యార్థిని ఆ రోజుకూ, తర్వాతి క్లాసుకూ బయటకు పంపే అధికారం విద్యా చట్టం ప్రొఫెసర్‌కు ఇచ్చింది. వారానికోసారి జరిగే ల్యాబులో రెండు క్లాసులంటే రెండు నివేదికలు పోయినట్టే.

గ్రేడు పడ్డాక

కాలిఫోర్నియా విద్యా చట్టం 76224 సెక్షన్ ప్రకారం ప్రొఫెసర్ వేసిన గ్రేడే తుది గ్రేడు. మార్చాలంటే నాలుగే కారణాలు: పొరపాటు, మోసం, దురుద్దేశం, అసమర్థత. ఎంతో కష్టపడ్డాడనో, ఒక్క మార్కులో ‘బి’ పోయిందనో రాస్తే ఆ దరఖాస్తు నిలవదు. ముందు ప్రొఫెసర్‌కు రాయాలి, తేలకపోతే డీన్‌కు, ఆ తర్వాత కమిటీకి. సిలబస్, దిద్ది ఇచ్చిన కాగితాలు, కాన్వాస్ తెర చిత్రాలు, ఈమెయిళ్లు జతచేయాలి.

ఈ వరుస మాకు తెలియలేదు. మన దగ్గర ప్రిన్సిపాల్ గదికి వెళ్లే అలవాటు కొద్దీ నేనే నేరుగా డీన్ కార్యాలయానికి ఫోను చేశాను. వాళ్లు మర్యాదగానే, ఏమీ చెప్పలేమన్నారు. విద్యార్థి రికార్డుల గోప్యతకు సంబంధించిన 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన క్షణం నుంచి రికార్డు మీద హక్కు విద్యార్థిదే. హైస్కూలులో ఉంటూ కాలేజీ కోర్సు చేసే పదహారేళ్ల పిల్లలకూ ఆ కోర్సు విషయంలో ఇదే వర్తిస్తుంది. తల్లిదండ్రులు మాట్లాడాలంటే మామూలుగా విద్యార్థి సంతకం చేసిన అనుమతి పత్రం అడుగుతారు.

చివరికి మా అబ్బాయే కూర్చుని తన ఫైలు వెతికాడు. ఆటుపోట్ల ల్యాబుకు కాన్వాస్‌లో సున్నా ఉంది. ఎర్ర సిరాతో ఇరవైకి పద్దెనిమిది వేసి తిరిగి ఇచ్చిన కాగితం వాడి దగ్గర ఉంది. దాన్ని ఫోటో తీసి, మూడు వాక్యాల ఈమెయిల్‌తో ప్రొఫెసర్‌కు పంపాడు. మర్నాడే ఆవిడ గ్రేడు మార్పు పత్రం నింపి రికార్డుల కార్యాలయానికి పంపినట్టు జవాబు వచ్చింది.