మ్యూజియానికి కొత్త భవనం కలిపాక వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

పాత మ్యూజియం పక్కన కొత్త భవనం లేచాక బయటపడే లోపాల్లో చాలావాటికి బీజం డ్రాయింగ్ బల్ల మీదే పడుతుంది. ముందు ఆకారం ఖాయం చేసుకుని, ఆ తర్వాత ఎండావానలను ఏసీ ఇంజనీరుకీ, నీళ్లను ప్లంబింగ్ వాళ్లకీ, స్థానిక సంప్రదాయాన్ని ముఖద్వారం తీర్చేవాళ్లకీ అప్పగిస్తే ఈ కిందివన్నీ వరసగా ఎదురవుతాయి.

షోకేసు అద్దాలు చెమరుస్తున్నాయి, గోడ మూలల్లో బూజు

వస్తువులకు అన్నిటికంటే ఎక్కువ హాని చేసేది ఇదే. బయట గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. ఆ గాలి సుమారు 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరు వదులుతుంది. గ్యాలరీని 22 దగ్గర ఉంచితే, తలుపు తెరిచిన ప్రతిసారీ లోపలికొచ్చిన గాలి అద్దాల మీద, గోడల మీద తడి పేరుస్తుంది. తేమ 65 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే బూజు పడుతుంది. ఇది చూసి చాలామంది ఏసీని ఇంకా తగ్గిస్తారు. దాంతో గోడలు మరింత చల్లబడి, చెమ్మ ఇంకా పెరుగుతుంది.

ముందు తేమ కొలిచే లాగర్లను తలుపు దగ్గర, గోడ వెనక, షోకేసు లోపల పెట్టి రాత్రింబవళ్ల రీడింగులు చూడండి. రాత్రి ఏసీ ఆపాక తెల్లవారేసరికి తేమ ఎగబాకి ఉంటే కారణం దొరికినట్టే. బయటి గాలిని విడిగా ఆరబెట్టి, తేమ తీశాకే లోపలికి వదలాలి. గ్యాలరీలో గాలి ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువ ఉండాలి.

పని ఇంకా డ్రాయింగ్ దశలోనే ఉంటే ఇంతకంటే మంచి దారి ఉంది. మొదట లోతైన వసారా, తర్వాత ఏసీ లేని నీడ హాలు, దాని వెనక కొద్దిగా చల్లని లాబీ, చివరికి గ్యాలరీ. ఎండ నుంచి వచ్చే మనిషికీ, వెంట వచ్చే గాలికీ మార్పు అంచెలంచెలుగా అందుతుంది. ఏడాది పొడవునా ఒకే అంకె దగ్గర నిలపాలన్న పట్టుదల కూడా వదులుకోవచ్చు. పెద్ద మ్యూజియంలు ఒప్పుకున్న బిజో గ్రీన్ ప్రోటోకాల్ ప్రకారం చాలా రకాల వస్తువులకు 16-25 డిగ్రీలు, 40-60 శాతం తేమ మధ్య నిలకడ ఉంటే చాలు.

పాతా కొత్తా కలిసే చోట వాన కారుతోంది

పాత భవనం ఎప్పుడో కుదురుకుంది, కొత్తది ఇంకా కుంగుతూ ఉంటుంది. రెంటినీ బిగించి కట్టేస్తే పగులు తప్పదు. ఆ పగులులో సిమెంటు కూరితే మరుసటి వానాకాలానికి మళ్లీ విచ్చుకుంటుంది. పాత గోడ సున్నపు గారదైతే నష్టం ఇంకా ఎక్కువ. సిమెంటు పూత చెమ్మను లోపలే బంధిస్తుంది, ఉప్పు పేరుకుని గార పొరలుగా రాలుతుంది. సిమెంటు తీసేసి మళ్లీ సున్నపు గారే పూయండి. అతుకు దగ్గర కదలికకు వీలిచ్చే జాయింటు, దాని పైన లోహపు రేకు వేయించండి. కొత్త కప్పు వాలు పాత గోడ వైపు ఉండకూడదు. కొత్తగా గీసేవాళ్లయితే మధ్యలో సందు వదిలి, తేలికైన నడవాతో కలపండి.

బేస్‌మెంట్ స్టోర్‌లోకి నీళ్లు

నీళ్లు గుమ్మం దాటి వచ్చాయని అనుకుంటారు గానీ, చాలాసార్లు డ్రైనేజీ పైపులోంచే ఎదురు తన్నుతాయి. వెనక్కి రానివ్వని వాల్వు వెంటనే పెట్టించండి. పంపులకు విడి కరెంటు ఉండాలి. కింది అరల్లో ఏదీ ఉంచకండి.

అసలు పరిష్కారం మాత్రం స్టోరును, ఏసీ యంత్రాలను పై అంతస్తుకు చేర్చడమే. 2016లో సెన్ నది పొంగినప్పుడు పారిస్‌లోని లూవ్ర్‌ను మూసి, నేల కింది స్టోర్లలోంచి వేల కళాఖండాలను పైకి మోయాల్సి వచ్చింది. 2019లో ఉత్తర ఫ్రాన్స్‌లోని లియెవాన్‌లో వాటికి వేరే భవనమే తెరిచారు. మయామీలో 2013లో తెరిచిన పెరెజ్ మ్యూజియాన్ని మొదటినుంచే వరద మట్టానికి పైన, ఎత్తు వేదిక మీద నిలబెట్టి, చుట్టూ వెడల్పైన నీడ కప్పు చాచారు. ఎండకూ నీటికీ ఒక్క నిర్ణయంతో జవాబు దొరికింది.

ముందున్న కొలనులో పాచి, దోమలు

ఒకే లోతులో, ఎప్పుడూ నిండుగా ఉంటేనే బాగుండేలా గీసిన కొలను ఇది. వేసవిలో మట్టం తగ్గగానే మురికి గోడ బయటపడుతుంది. నీరు కదిలేలా పంపు, వడపోత పెట్టండి. కొత్తగా తవ్వేదైతే మెట్లబావిని దగ్గరగా గమనించండి. గుజరాత్‌లోని 15వ శతాబ్దపు అడాలజ్ బావిలో నీరు ఏ మెట్టు దగ్గరున్నా అక్కడికి దిగి ముంచుకోవచ్చు, తగ్గిన మట్టం లోపంగా కనిపించదు. కొలతలు కూడా వానను బట్టే వేయాలి. 1,000 చదరపు మీటర్ల కప్పు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 1,00,000 లీటర్లు దిగుతాయి. అవి కొలనులో పట్టాలి, పట్టనివి పోవడానికి దారీ ఉండాలి.

ఇంకొక్క మాట. పొడి వాతావరణంలో కొలను గాలిని చల్లబరుస్తుంది, ఉక్కపోత ప్రాంతంలో తేమను మాత్రమే పెంచుతుంది. అలాంటి చోట గ్యాలరీకి గాలి పీల్చే ద్వారం కొలను పక్కన పెట్టకండి.

జాలీ గోడ కట్టినా లోపల వేడే

జాలీ వెనక బిగింపు అద్దం ఉందేమో చూడండి. గాలి ఆడని జాలీ మిగిల్చేది సగం నీడే. అద్దం తీయడం లాబీలో, మెట్ల దగ్గర, వసారాలో కుదురుతుంది. గ్యాలరీలో కుదరదు, అక్కడ కాగితం, బట్ట మీద 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుగు తీవ్రతకు కొలత) మించి వెలుగు పడకూడదు. 2017లో తెరిచిన లూవ్ర్ అబుదాబీలో ఈ విభజన స్పష్టంగా కనిపిస్తుంది. 180 మీటర్ల గుమ్మటం జాలీలా వెలుగును చిల్లులుగా వడగట్టి ఆరుబయటి వసారాలకు నీడనిస్తుంది, వస్తువులుండే గదులు దాని కింద విడి భవనాల్లో మూసి ఉంటాయి. మీ ప్లానులో కూడా జాలీ గీసిన ప్రతి చోటా వెనక మనుషులు తిరుగుతారా, వస్తువులుంటాయా అని గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. వస్తువులున్న చోట జాలీని బయటి నీడ గోడగా జరిపి, మధ్యలో మనిషి నడిచేంత ఖాళీ వదిలితే వేడి అక్కడే పైకి తేలిపోతుంది.