‘వేగస్ వెకేషన్’ ఇంటిల్లిపాదీ కలిసి చూడాలంటే

జూదశాలల ఊరు లాస్ వేగస్‌కు సరదాగా వెళ్లిన ఒక కుటుంబం మీద 1997లో వచ్చిన అమెరికన్ హాస్య సినిమా ‘వేగస్ వెకేషన్’ పెట్టే ముందు పేకముక్కలు తీసి, ఇంట్లోవాళ్లతో బ్లాక్‌జాక్ నాలుగు ఆటలు ఆడించండి. ఈ సినిమాలో మంచి నవ్వులు చాలావరకు పేక బల్ల దగ్గరే ఉన్నాయి. ఆట తెలియనివాళ్లకు అక్కడ ఒక మనిషి ముక్కలు చూసి ముఖం మాడ్చుకోవడం తప్ప ఇంకేమీ కనిపించదు.

నేర్పడానికి ఎక్కువసేపు పట్టదు. రాజు, రాణి, జాకీ పదేసి లెక్క. ఆసు ఒకటో పదకొండో, మనకు ఏది కలిసొస్తే అది. మొత్తం 21కి దగ్గరగా రావాలి, దాటితే ఆట పోయినట్టే. పంచేవాడు 17 వచ్చేదాకా ముక్కలు తీస్తూనే ఉండాలి. డబ్బులొద్దు, అగ్గిపుల్లలు పందెం పెట్టండి. మా అత్తయ్యగారు పేకాటంటే ఆమడ దూరం ఉండే మనిషి, ఆవిడకీ అలాగే నేర్పాను. తీరా సినిమాలో ఇంటి యజమాని క్లార్క్ మళ్లీ మళ్లీ ఆ బల్ల దగ్గరికే వెళ్తుంటే, “లేచి రారా నాయనా” అని ఆవిడే టీవీ వైపు చెయ్యి ఊపారు. అంత టెన్షన్ పడితేనే ఈ సినిమాలో నవ్వు వస్తుంది.

ఆ సీన్లలో క్లార్క్ వేషం వేసిన చెవీ ఛేజ్ కంటే ఎదురుగా ముక్కలు పంచే మార్టీని గమనించమనండి. ఆ వేషం వాలెస్ షాన్‌ది. క్లార్క్ ఓడిన ప్రతిసారీ అతను పడే సంతోషం చూస్తే, ఇంటి యజమాని బ్యాంకు డబ్బంతా ఎందుకు ఊడ్చిపెట్టాడో అర్థమవుతుంది. అది డబ్బు ఆశ కాదు, పౌరుషం.

ఈ ‘వెకేషన్’ సినిమాల వరుసలో ఇది నాలుగోది, ముందు భాగాలన్నీ చూడక్కర్లేదు. 1983 నాటి మొదటిది చూస్తే చాలు. అందులో కారులో కనిపించి మాయమయ్యే అమ్మాయి క్రిస్టీ బ్రింక్లీ ఇందులోనూ వస్తుంది, ఎర్ర ఫెరారీలో. నాలుగు సినిమాల్లోనూ పిల్లలిద్దరి పాత్రలకు ప్రతిసారీ కొత్త నటులే. ఆ సంగతి చెప్పి కూర్చోబెడితే, పిల్లల్ని గుర్తుపట్టలేకపోతున్నానని క్లార్క్ అనే మాట పేలుతుంది. ఇల్లాలు ఎలెన్ వెంటపడే వేన్ న్యూటన్ నిజంగానే వేగస్‌లో దశాబ్దాలు పాడిన గాయకుడు, తన వేషం తానే వేశాడు. ఇదీ ముందే చెప్పాలి.

చిన్నపిల్లలుంటే ఒకసారి మీరు ముందుగా చూడండి. పిల్లలు పెద్దల సలహాతో చూడొచ్చనే పీజీ రేటింగే అయినా, కూతురు ఆడ్రీ తన కజిన్‌తో డాన్స్ క్లబ్బుకు వెళ్లే భాగం నాకైతే పదేళ్లలోపు వాళ్లకు తగదనిపించింది. కొడుకు రస్టీ దొంగ గుర్తింపు కార్డుతో జూదమాడి కార్ల మీద కార్లు గెలుస్తుంటే పిల్లలు కేరింతలు కొడతారు. వాళ్లను నవ్వనివ్వండి, తర్వాత అసలు సంగతి చెప్పండి: వేగస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లు జూదం ఆడకూడదు, గెలిచినా ఆ సొమ్ము వాళ్లకు దక్కదు.

హూవర్ డ్యామ్ దగ్గర ఒక్క నిమిషం ఆపండి. కొలరాడో నది మీద 1930లలో కట్టిన ఆ ఆనకట్ట ఎత్తు 726 అడుగులు. క్లార్క్ గుంపు నుంచి తప్పిపోయి దాని బయటి వైపు నుంచి ఎక్కుతుంటే ఆ అంకె గుర్తుండాలి. వాళ్లు దిగిన మిరాజ్ హోటల్ 2024 జూలైలో మూతపడింది. కాబట్టి ఆ హోటల్ కనిపించే చోట తొందరపడి ముందుకు జరపకండి, ఆ హంగులు ఇక సినిమాల్లోనే చూడాలి.

ఆఖరి ఘట్టానికి ముందు కీనో అనే అంకెల జూదం గురించి రెండు ముక్కలు చెప్పండి. 80 అంకెల్లో కొన్ని మనం ఎంచుకుంటాం, వాళ్లు 20 తీస్తారు. ఎంచుకున్నవన్నీ పడటం చాలా అరుదు. అక్కడ వీళ్ల పక్కన కూర్చునే ముసలాయన సిడ్ సీజర్. 1950లలో అమెరికా టీవీని నవ్వించిన పెద్దమనిషి. ఆయన కనిపించగానే అందరి చేతా ఫోన్లు పక్కన పెట్టించండి, ఆ తర్వాత ఏం జరుగుతుందో మాత్రం చెప్పకండి.