లాగిన్ కాకపోతే ఫార్మాట్ కొట్టించకండి: మిర్చి సీజన్‌కు ముందు జాగ్రత్తలు

మొన్న వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో పొద్దున్నే కంప్యూటర్ పాస్‌వర్డ్ తీసుకోలేదు. గుమస్తా పదిసార్లు కొట్టి చూసి, సీపీయూను బండి మీద పెట్టుకుని రిపేరు షాపుకు పోయాడు. "లాగిన్ అయితలేదన్నా, జెర చూడు" అన్నాడు. వాళ్లు గంటలో ఫార్మాట్ కొట్టి, అంటే డిస్కు తుడిచేసి, కొత్త విండోస్ వేసి ఇచ్చారు. లాగిన్ అయింది. లోపల మాత్రం ఏమీ లేదు. మూడేళ్ల ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా, రైతుల ఖాతాలు, ఉద్దెర లెక్కలు అన్నీ పోయాయి.

సేటు నన్ను పిలిచింది ఆ తర్వాత. అప్పటికి నా చేతిలో ఏం లేదు. పాత హార్డ్ డిస్క్ అయితే ఫార్మాట్ తర్వాత కూడా కొంత బయటికి తీయొచ్చు. ఎస్ఎస్‌డీలో, అంటే ఇప్పటి చిప్పుల డిస్కులో, ఆ ఆశ దాదాపు ఉండదు, ఖాళీ అయిన చోటును అది తనంతట తానే తుడిచేసుకుంటుంది. అదే కీబోర్డు పెట్టి చూస్తే 5 అంకె పడటం లేదు. మీట కింద మిర్చి దుమ్ము. కొత్త కీబోర్డు వేస్తే అయిపోయే పని.

ఇట్లా మునిగినవాళ్లను చాలామందిని చూశాను. అందరిదీ ఒకటే తప్పు. కారణం తెలుసుకోకముందే, డేటా తీసుకోకముందే ఫార్మాట్ కొట్టించారు. షాపువాళ్లను మరీ అనలేం. ఫార్మాట్ గంట పని, ఫలితం ఖాయం. కారణం వెతకాలంటే సగం రోజు పోతుంది, దానికి ఎవరూ పైసలు ఇవ్వరు. "సీ డ్రైవ్ ఒక్కటే కొడతం, డీ ముట్టుకోం" అంటారు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ మామూలుగా ఉండేది ఆ సీ లోనే.

సీజన్ మొదలుకాకముందు

మీ మిషన్ ఎవరి మెయిల్ మీద నడుస్తోందో ఇవాళే చూడండి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయింది. ఆ తర్వాత నాకు తెలిసిన చాలా దుకాణాల్లోకి విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. వాటిలో చాలావరకు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేయగానే డిస్కుకు అవే తాళం వేసుకుంటాయి, దాని కీ ఆ అకౌంట్‌లోనే దాచుకుంటాయి. ఏదో ఒక రోజు, బయోస్ (మిషన్‌ను స్టార్ట్ చేసే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయ్యాకనో బోర్డు మార్చాకనో, నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకుంటే మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు. అకౌంటేమో కొన్న రోజు సెటప్ చేసిన పిల్లగాడి మెయిల్ మీద ఉంటుంది. లేదంటే పని మానేసి పోయిన గుమస్తా ఫోన్ నంబరు మీద. రికవరీ నంబర్లన్నీ పోయి కొత్తవి పెట్టాల్సి వస్తే మైక్రోసాఫ్ట్ 30 రోజులు ఆపుతుంది. మార్చి నెలాఖరులో 30 రోజులు ఎవరికి కావాలి?

కీని కాగితం మీద రాసి గల్లాపెట్టెలో కాదు, ఇంట్లో బీరువాలో పెట్టండి. రెండో అడ్మిన్ అకౌంట్ ఒకటి పెట్టుకోండి, ఒక ప్రొఫైల్ పాడైనా దాంట్లోంచి లోపలికి పోవచ్చు. ట్యాలీ బ్యాకప్‌కు రెండు పెన్‌డ్రైవ్‌లు, రోజు విడిచి రోజు మార్చి మార్చి. డీ డ్రైవ్‌లో పెట్టింది బ్యాకప్ కాదు.

తెర దగ్గరే ఆగిపోయినప్పుడు

పాస్‌వర్డ్ పెట్టెలో కన్ను బొమ్మ నొక్కి మీరు కొట్టింది కళ్లతో చూడండి. అంకెలు పడకపోతే నమ్ లాక్. అక్షరాలు వేరేగా పడితే కింద కుడి మూలన కీబోర్డు భాష మారి ఉంటుంది. మీట పట్టేసిందనిపిస్తే తెర మీద కీబోర్డు తెచ్చుకుని మౌస్‌తో కొట్టండి. ఎనుమాములలో ఆ దుకాణానికి ఈ ఒక్క ముక్క తెలిసుంటే చాలు.

పిన్ వేరు, పాస్‌వర్డ్ వేరు. పిన్ ఆ ఒక్క మిషన్‌కే. ఫోన్‌లో పాస్‌వర్డ్ మారిస్తే, నెట్ తగిలేదాకా కంప్యూటర్ పాతదే అడుగుతుంది. లాగిన్ తెర మీదనే వైఫై కలపొచ్చు.

లోపలికి పోయాక డెస్క్‌టాప్ ఖాళీగా, కొత్తదానిలా కనిపిస్తే గుండె ఆగనక్కర్లేదు. అది తాత్కాలిక ప్రొఫైల్. మీ ఫైళ్లు మామూలుగా సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్‌లో అట్లాగే ఉంటాయి. ఆ ఖాళీ డెస్క్‌టాప్ మీద మాత్రం ఏమీ దాచకండి, సైన్ అవుట్ కాగానే పోతుంది. రెండుమూడు సార్లు రీస్టార్ట్ చేయండి.

2024 జూలై 19 గుర్తుందా, విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక తప్పు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెర మీద ఆగిపోయాయి. చాలావాటికి మందు ఆ అప్‌డేట్‌లోని ఒక్క ఫైలు తీసేయడమే. డిస్కుకు తాళం ఉన్నచోట ఆ ఫైలు దాకా పోవడానికి ఆ 48 అంకెలే కావాల్సి వచ్చాయి. ఫార్మాట్ అక్కడా అక్కర్లేదు.

ఇక ఇవి గుర్తుపెట్టుకోండి:

- ఫార్మాట్ అనే మాట ముందు మీ నోట రావద్దు.
- "రీసెట్ దిస్ పీసీ" నొక్కకండి. "ఫైళ్లు ఉంచు" అని రాసి ఉన్నా, కాపీ తీసుకోకముందు నొక్కకండి.
- డిస్కుకు తాళం లేకపోతే దాన్ని విప్పి, యూఎస్‌బీ కేసులో వేసి, వేరే మిషన్‌లో కాపీ తీయొచ్చు. పాస్‌వర్డ్ అక్కర్లేదు. ముందు ఆ పని, తర్వాతే ఏదైనా.
- తెర మీద వచ్చిన నంబరుకు ఫోన్ చేయకండి.
- చేసి పైసలు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.
- ఓటీపీ ఎవరికీ చెప్పకండి. "కస్టమర్ కేర్" అన్నా సరే.
- యూట్యూబ్ చూసి పాస్‌వర్డ్ తీసే సాఫ్ట్‌వేర్ దించకండి.
- రికవరీ కీ అడిగే నీలం తెర వస్తే ఫొటో తీయండి. దాని మీద ఉండే కీ ఐడీలో మొదటి 8 అక్షరాలతోనే సరైన కీ దొరుకుతుంది.
- ఫార్మాట్ వద్దు. మళ్లీ చెప్తున్నా, వద్దు.
- షాపుకు ఇవ్వక తప్పకపోతే రసీదు మీద "ఫార్మాట్ చేయవద్దు" అని రాయించండి. రాయనంటే మిషన్ బండి మీద పెట్టుకుని వెనక్కి రండి.