ఎయిర్ రైఫిల్ పోటీకి పెల్లెట్లు కొనేముందు జాగ్రత్తలు

గచ్చిబౌలి రేంజ్‌లో 10 మీటర్ల పోటీలకు తయారవుతున్నవాళ్లు పెల్లెట్ల (రైఫిల్‌లో వేసే చిన్న సీసం గుళ్ల) మీద డబ్బు పెట్టేముందు ఇవి చూసుకోండి.

• పరీక్షించకుండా పెద్దమొత్తంలో కొనొద్దు. అదే కంపెనీ, అదే రకం అయినా బ్యాచ్ మారితే గ్రూపు (తూట్లు ఎంత దగ్గరగా పడ్డాయన్నది) మారుతుంది. పెల్లెట్ తల సైజు 4.49, 4.50, 4.51 మి.మీ.లలో ఒక్కో డబ్బా తెచ్చి, రైఫిల్‌ను వైస్‌లో (కదలకుండా పట్టి ఉంచే పట్టులో) బిగించి, ఒక్కోదానితో పదేసి షాట్లు కాల్చండి. చేత్తో కాలిస్తే తప్పు పెల్లెట్‌దో మనదో తేలదు. పది పాయింట్ల చుక్క వెడల్పు 0.5 మి.మీ.యే మరి! బాగా కుదిరిన బ్యాచ్ నంబరు రాసుకుని, సీజన్‌కు సరిపడా అదే కొనండి.

• బ్యారెల్ తుడిచిన వెంటనే వచ్చిన గ్రూపును నమ్మొద్దు. కొన్ని షాట్లు పడ్డాకే నిలకడ వస్తుంది.

• తల చదునుగా ఉన్నవే తీసుకోండి. మొనదేలినవి కాగితాన్ని చింపుతాయి, స్కోరు చదవడం తగాదా అవుతుంది.

• రైఫిల్‌కు 0.53 గ్రాముల దగ్గరివాటితో మొదలుపెట్టండి. ఇంకా తేలికవి ఎక్కువగా పిస్టల్‌కు.

• డబ్బా కింద పడితే ప్రాక్టీస్‌కే వాడండి. పెల్లెట్ వెనక అంచు పల్చటి సీసం. సొట్టపడితే గాలి సమంగా పట్టదు, గురి చెదురుతుంది.

• చేతులు సబ్బుతో కడగందే టిఫిన్ ముట్టొద్దు. సీసం విషం.