సంక్రాంతి కుట్టుపనికి ముందు: సూదికి తగిన దారం

పండుగ జాకెట్ల పని మీదపడకముందే, విశాఖలో ఇంట్లో మిషన్ కుట్టేవారు ఈ కొన్నింటిని సరిచూసుకోవాలి.

• సూదిని తిరగేసి బిగించకండి. పొడవైన గాడి ఉన్న వైపు నుంచే దారం కన్నంలోకి వెళ్లాలి. తిరగబడితే కుట్లు తప్పుతాయి, దారం తెగుతుంది. సూది విరిగి, మిషన్ లోపల దారాన్ని పట్టే కొక్కేనికి గీత పడిందంటే, ఆ తరువాత ఎంత మంచి దారమైనా అక్కడే తెగుతూ ఉంటుంది.

• బట్టనూ దారాన్నీ బట్టి సూది నంబరు ఎంచుకోండి. పలుచని జార్జెట్‌కు 9 లేదా 11, మామూలు జాకెట్ కాటన్‌కు 14, జీన్స్‌కు 16 లేదా 18 సరిపోతాయి. సందేహం ఉంటే, సూదిని మిషన్ నుంచి తీసి మూరెడు దారానికి ఎక్కించి, ఆ దారాన్ని ఏటవాలుగా బిగించి పట్టుకోండి. సూది తనంతట తాను జారితే సరే, మధ్యలో ఆగితే కన్నం చాలదని అర్థం.

• జరీ దారానికి పెద్ద కన్నం సూది వాడి, టెన్షన్ (దారం బిగువు) వదులు చేయండి. ఇరుకు కన్నంలో రాపిడికి జరీ పొర ఊడిపోతుంది.

• మన సముద్రపు గాలికి సూదులు త్వరగా తుప్పు పడతాయి. మొనను గోటిపై తేలికగా రాసినప్పుడు గీరుకుంటే మార్చేయండి. పూర్ణా మార్కెట్‌లో కొనే కొత్త సూది, పట్టుబట్టలో లాగిన పోగు కంటే ఎప్పుడూ చవకే.

• లాగగానే పుటుక్కుమనే పాత నూలు దారాన్ని టాకాలకే ఉంచండి.